కోటతలుపుకు సగం మేర

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడితే, ఏ రాజ్యం, ఎక్కడ, అని మీరు అడ్డం వస్తారు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. రాజ్యం పేరు మల్లెలదుర్గం. రాజు పేరు రణకేసరి భూపతి. ఆయన ఏనాడూ రణం చేసినవాడు కాదు, కేసరిని బొమ్మల్లో తప్ప చూసినవాడూ కాదు. అయినా పేరు పెట్టింది తాతగారు కాబట్టి ఆ తప్పు ఈయన మీద వెయ్యలేం.

ఈయన తప్పల్లా బిరుదులు. ఎవరైనా తనని మెచ్చుకుంటే ఆ మెప్పును బిరుదు చేసుకునేవాడు. ఎవరూ మెచ్చుకోకపోతే తానే మెచ్చుకుని బిరుదు చేసుకునేవాడు. సభ మొదట్లో వంది లేచి ఆ బిరుదులు చదవడం మొదలుపెడితే ముసలి కొలువుగాళ్ళు మెల్లగా గోడకు చేరగిలబడేవారు. అన్నిటికన్నా చివర వచ్చేది ‘పెద్ద తలారి’ అన్న బిరుదు. దానంటే రాజుగారికి మహా ఇష్టం.

“ఊరికి తలారులు కావలి. ఆ తలారులందరికీ మేము కావలి!” అని మీసం దువ్వేవారు.

మల్లెలదుర్గంలో వీధికొక తలారి ఉండేవాడు. తలపాగా, చేతికర్ర, భుజాన గొంగడి. చీకటి పడితే వీధి వాడిది. జీతం మాత్రం పంటల కాలంలో వచ్చేది. రాజుగారి గాదెల దగ్గర ధాన్యం కొలిచి పోసేవారు. దాన్నే మేర అనేవారు. ఏడాదికొక పంచె, చలికాలానికి గొంగడి అదనం. వీధిలో దొంగతనం జరిగి సొత్తు దొరక్కపోతే ఆ వీధి తలారి తన మేరలోంచి నష్టం పూడ్చాలి. పూడ్చేదాకా తలపాగా చుట్టకూడదు. ఉత్త తలతో నలుగురిలో తిరగాలి. ఆ సిగ్గుకు ఓర్చుకోలేక ఊరు విడిచిపోయిన తలారులు కూడా ఉన్నారు.

మరి తలారి పైకెక్కడం ఎలా? దానికీ ఒక దారి ఉంది. దసరా కొలువులో రాజుగారు అందరినీ ఒకే ప్రశ్న అడిగేవారు. “ఎందరు దొంగల్ని పట్టావు?” ఎక్కువమందిని పట్టినవాడికి వెండి కడియం తొడిగి నాయకుణ్ణి చేసేవారు. నాయకుడికి రెట్టింపు మేర, ఎక్కడానికి గుర్రం, కోట లోపల ఇల్లు.

సూరప్ప అనేవాడు అలాగే నాయకుడయ్యాడు. సూరప్ప వీధిలో ఏటా దసరా ముందు ఒక దొంగతనం జరిగేది. ఏటా సూరప్ప దొంగను పట్టి కొలువుకు ఈడ్చుకొచ్చేవాడు. ఏటా అదే దొంగ. ఆ సంగతి రాజుగారికి తప్ప అందరికీ తెలుసు. కొలువులో ఔబళయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. అతను ఆ దొంగను చూసినప్పుడల్లా, “ఏమయ్యా, ఈ ఏడు చిక్కిపోయావు? సూరప్ప నీ మేర సరిగా కొలవడం లేదా?” అని కుశలం అడిగేవాడు. దొంగ సిగ్గుపడి నవ్వేవాడు. సూరప్ప మాత్రం సిగ్గుపడేవాడు కాదు.

కంచరి వీధి తలారి పేరు కదిరన్న. మీసం నెరిసింది, నడుం ఇంకా వంగలేదు. ఆ వీధినిండా ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు చేసేవాళ్ళే. ఎండబెట్టిన సామాను రోజుల తరబడి అరుగుల మీదే పడుండేది. అయినా కదిరన్న కర్ర పట్టిన నాటినుంచి ఆ వీధిలో గరిటె పోలేదు. కొత్త ముఖం కనబడితే పలకరించేవాడు. పలకరింపుకు తడబడినవాణ్ణి వీధి చివరిదాకా తోడుపోయి సాగనంపేవాడు. అలా వెళ్ళినవాడు మళ్ళీ వచ్చేవాడు కాదు.

అందువల్ల దసరా కొలువులో కదిరన్న ఏటా ఒకటే జవాబు చెప్పేవాడు. “ఎవర్నీ పట్టలేదు మారాజా.”

కొన్నేళ్ళు రాజుగారు “ఊఁ” అని ఊరుకున్నారు. ఒక ఏడాది మాత్రం ఆయనకు ఆలోచన వచ్చింది. ఆలోచనలు ఆయనకు తరచుగా వచ్చేవి కావు కాబట్టి వచ్చినదాన్ని వదిలేవారు కాదు.

“దొంగలే లేని వీధిలో తలారికి పనేముంది? పని లేనివాడికి పూర్తి మేర ఎందుకు? సగం చాలు!” అన్నారు. సభంతా ఆహా అంది. మరుసటి ఏడు, “దొంగ భయం లేనప్పుడు వీడు హాయిగా ఇంట్లో పడుకుంటాడుగా, గొంగడి ఎందుకు?” అన్నారు. గొంగడీ ఆగిపోయింది. ఈ ఏడు ఆ ఆలోచన ఇంకా ముదిరింది. దసరా కొలువులో కదిరన్న కర్ర, తలపాగా అందరి ముందూ గద్దె దగ్గర పెట్టి వెళ్ళిపోవాలని ఆజ్ఞ వచ్చింది.

ఒక మిట్టమధ్యాహ్నం ఔబళయ్య సత్రం పక్కనుంచి వెళుతున్నాడు. అక్కడ దేశాంతరం పోయేవాళ్ళకు, దిక్కులేనివాళ్ళకు అంబలి పోస్తున్నారు. జనం బారుగా నిలబడ్డారు. ఒకతను మాత్రం అంబలి ముంత తీసుకుని గోడవైపు తిరిగి గడగడా తాగుతున్నాడు. చంకలో ఒక గుడ్డ ఉండచుట్టి నొక్కిపట్టుకున్నాడు. అది తలపాగా. వెనకనుంచే ఆ నడుం ఎవరిదో ఔబళయ్య పోల్చుకున్నాడు.

“కదిరన్నా?” అన్నాడు.

తాగేవాడికి పొలమారింది. “కాదు సామీ, నేను కాదు” అన్నాడు తిరగకుండానే. ఆ మాట అన్నాక తనకే సిగ్గేసి గోడకు నుదురు ఆనించాడు.

ఔబళయ్య ఎంతో మందిని మాటలతో ఏడిపించినవాడు. ఆ పూట మాత్రం కదిరన్న తాగడం పూర్తయ్యేదాకా దారివైపు తిరిగి, ఎవరూ అటు చూడకుండా అడ్డంగా నిలబడ్డాడు. తరవాత ఇద్దరూ సత్రం వెనకున్న రాతిబండ మీద కూర్చున్నారు.

“మేర సగమైతే ఇంత కష్టమా?” అని అడిగాడు ఔబళయ్య.

“సగం మేరతో ఇంట్లో ఆడోళ్ళకు గింజలు చాల్తాయి సామీ. నాకు చాలవు. తిన్నానని ఇంట్లో చెప్పి ఈడికొస్తా. ఈడ తిన్నానని యాడా చెప్పలేను.” కదిరన్న ముంత వైపు చూస్తూ అన్నాడు. “కొలువు పోతాదని బాధ లేదు. తలపాగా అందరి ముందర తియ్యాల. అదీ నాకు తగిన శాస్తేలే.”

“నువ్వేం తప్పు చేశావని శాస్తి?”

 కదిరన్న బండ మీద గోటితో గీస్తూ చెప్పాడు.

“చేసినా సామీ. నా పెండ్లాం అనింది, సూరప్ప చేస్తాండే పనే నువ్వూ చెయ్యి, ఒక చెంబు ఎత్తి నాలుగునాళ్ళు దాచి, దొంగ పారేసి పోతే దొరికిందని చెప్పు, రాజు మెచ్చుకుంటాడు అని. తిట్టినాను. నోటికొచ్చినట్టు తిట్టినాను. తిట్టి, పోయి ఆ పనే చేసినా. కాళమ్మ ఇంటి అరుగు మీద చెంబు. మామూలు ఇత్తడి చెంబు.”

కాళమ్మ ఆ వీధిలో ఒక కంచరి పెళ్ళాం. కదిరన్నను అన్నా అని పిలిచేది.

“పొద్దున్నే ఆయమ్మే నా కాడికొచ్చింది.  ఏమనిందో తెలుసా? ‘అన్నా, చెంబు యాడో పెట్టి మరిచినట్టుండా, పిల్లోళ్ళ ఆటలో యాడన్నా పడిందేమో, కనబడితే చెప్పు. నువ్వుండంగా మన వీధిలో దొంగలు యాడొస్తార్లే’ అనింది. నవ్వుకుంటా అనింది. ఆ రేతిరే తీసకపోయి ఉన్నచోట పెట్టేసినా. ఇప్పుడా అరుగు దాటేటప్పుడు తలెత్తలేకుండాను. ఈ మాట యాడా అనొద్దు సామీ.”

“అనను” అన్నాడు ఔబళయ్య. చెంబు తీసినవాడి సిగ్గు సగమే, మిగతా సగం ఎవరిదో అతనికి ఆ బండ మీదే తెలిసిపోయింది. తాను కూడా సభలో కూర్చుని, ఆ ఆజ్ఞ వచ్చిననాడు నోరు మెదపలేదు.

మరునాడు కొలువులో ఔబళయ్య లేచాడు.

“ప్రభూ, కంచరి వీధి తలారి విషయంలో ఒక మనవి. అతని వీధిలో దొంగలు లేకపోవడం అతని గొప్పేమో.”

“ఒక్క దొంగనైనా పట్టాడా?” అన్నారు రాజుగారు.

“లేదు ప్రభూ.”

“పట్టనివాడు గొప్పవాడా! ఔబళయ్యా, నీ తెలివి నిద్రపోతోంది.” సభ నవ్వింది. నవ్వు వినేసరికి రాజుగారికి ఊపొచ్చింది. “మా ఆలోచనలో తప్పుందంటావా? అయితే ఒక పందెం. దసరాలోపు ఆ తప్పును మా నోటితో మాచేతే చెప్పించు. చెప్పిస్తే ఆ తలారి కర్ర అతని చేతిలోనే ఉంటుంది. చెప్పించలేకపోతే నీ మేర కూడా సగం.”

“చిత్తం. ఒక్క సందేహం ప్రభూ. పట్టనివారికి సగం మేర అన్న ఆజ్ఞ ఆ ఒక్క తలారికేనా?”

“ఒక్కడికెందుకు? రాజ్యంలో కావలి కాసే ఎవరికైనా!”

“మనుషులకేనా ప్రభూ, కావలి కాసే దేనికైనానా?”

“దేనికైనా! మా కోటకుక్కకైనా సరే! పట్టనిదానికి సగమే. ఎవడూ మళ్ళీ అడక్కుండా బండ మీద చెక్కించి కోటవాకిట్లో పాతించు.”

“చిత్తం” అని ఔబళయ్య వంగి దణ్ణం పెట్టాడు. రాజుగారు గెలిచాననుకుని తాంబూలం వేసుకున్నారు.

దసరా రేపనగా, మధ్యాహ్నం భోజనం చేసి రాజుగారు కునుకు తీస్తున్నారు. ఎక్కడో గాడిద ఓండ్ర పెట్టింది. కలలో అనుకుని అటు తిరిగి పడుకున్నారు. గాడిద మళ్ళీ ఓండ్ర పెట్టింది. ఈసారి కిటికీ కిందే పెట్టింది. రాజుగారు లేచి చూస్తే, చాకలివాళ్ళ గాడిద ఒకటి అంతఃపురం తోటలో నిలబడి దసరాకు పెంచిన బంతిపూలు నిదానంగా నమిలి తింటోంది.

“కోటలోకి గాడిద ఎలా వచ్చింది?” అని అరిచారు.

భటుడొకడు చెప్పాడు. “వాకిట్లోంచే వచ్చింది ప్రభూ. తలుపు... తలుపు సగమే ఉంది.”

రాజుగారు కిరీటం పెట్టుకుని, చెప్పులు మరిచిపోయి, సింహద్వారం వైపు పరుగెత్తారు. వెనక వంది, ఛత్రం పట్టేవాడు.

అక్కడ తిరునాళ్ళలా జనం ఉన్నారు. రెండు రెక్కల పెద్ద తలుపులో ఎడమ రెక్క లేదు. ఏనుగు ఒకటి దాన్ని గోడకు ఆనించి పక్కన నిలబడి ఉంది. వడ్రంగులు చెమటలు తుడుచుకుంటున్నారు. రెక్కనిండా ఉన్న ఇత్తడి బొడిపెలు ఊడదీయడానికి కంచరి వీధివాళ్ళంతా వచ్చారు. మొగుడికి సుత్తి అందిస్తూ కాళమ్మ కూడా వచ్చింది. రెక్క లేని సందులో, బయటినుంచి రెండో గాడిద రాకుండా, కదిరన్న కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. మధ్యలో ఔబళయ్య చేతులు కట్టుకుని ఉన్నాడు.

“ఏమిటిది?” అని గర్జించారు రాజుగారు.

“సగం మేర ప్రభూ.”

“ఏమిటీ?”

ఔబళయ్య కొత్తగా పాతిన బండవైపు చూపించాడు. “తమ ఆజ్ఞే ఇది. ఈ తలుపు తమ తాతగారి కాలం నుంచి ఇక్కడ నిలబడి తింటోంది.”

“తలుపు తింటుందా?”

“ఎంత తింటుందో వడ్రంగుల్ని అడగండి. ఏటా ఆముదం తాగుతుంది. ఇనుప బద్దెలు కావాలి, బొడిపెలకు మెరుగు కావాలి. ఇంత తిని ఏం చేసింది ప్రభూ? ఒక్క శత్రువునైనా పట్టిందా? ఒక్క ఏనుగైనా వచ్చి దీన్ని కుమ్మిందా? ఊరికే మూసుకోవడం, తెరుచుకోవడం. పూర్తిగా తీసేద్దామన్నారు వీళ్ళు. కాదు, మా ప్రభువులు దయగలవారు, మొదట సగమే కోస్తారు అని చెప్పి ఒక్క రెక్కే తీయించాను.”

రాజుగారి ముఖం ఎర్రబడింది. “మూర్ఖుడా! శత్రువు రాలేదంటే తలుపు పనిచెయ్యనట్టా? ఈ తలుపు ఉంది కాబట్టే ఎవడూ ఇటువైపు రాలేదు! రాకుండా చెయ్యడమే దాని పని!”

ద్వారం కింద ఆ అరుపు మారుమోగింది. ఔబళయ్య వంగి దణ్ణం పెట్టాడంతే. 

రాజుగారికి తన గొంతే తిరిగి వినబడింది. ఆ మాట ఎవరిని గురించి అన్నట్టో మెల్లగా అర్థమైంది. సందులో కర్ర పట్టుకు నిలబడ్డ కదిరన్న వైపు చూశారు. గొంగడి లేని భుజం కనిపించింది. పంచె ఎప్పటిదో. సిగ్గు అనేది రాజులకు అలవాటు లేని వస్తువు. వచ్చిన సిగ్గును ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆయన కాసేపు తన ఉత్త కాళ్ళ వైపు చూసుకున్నారు.

“పందెం నువ్వే గెలిచావు ఔబళయ్యా” అన్నారు చివరికి, చిన్న గొంతుతో. “కదిరన్నా, ఇలా రా. నీ కర్ర నీదే. రేపు కొలువులో వెండి కడియం కూడా నీదే. నువ్వే నాయకుడివి.”

జనం కేకలు పెట్టారు. కంచరులు సుత్తులు ఎత్తి తలుపు బొడిపెల మీదే వాయించారు. కదిరన్న మాత్రం కదల్లేదు. వాడి ముఖం మాడిపోయింది. వీధివాళ్ళ సంతోషం చూసేకొద్దీ వాడు ఇంకా కుంచించుకుపోతున్నాడు.

“నాకొద్దు మారాజా” అన్నాడు.

“ఎందుకు?”

ఔబళయ్య కళ్ళతోనే వద్దని సైగ చేశాడు. కదిరన్న చూసి కూడా చూడనట్టే, తలపాగా రెండు చేతులతో తీసి నేల మీద పెట్టాడు.

“నా వీధిలో దొంగతనం జరిగింది. దొంగ నేనే. కాళమ్మ ఇంటి చెంబు ఎత్తినా. సొత్తు దొరికిందని చెప్పుకుని తమ మెప్పు పొందల్లనుకున్నా. మళ్ళా పెట్టేసినా గానీ, ఎత్తినోడు ఎత్తినోడే గదా. కడియం నా చేతికొద్దు.”

కేకలు ఆగిపోయాయి. కాళమ్మ మొగుడి చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళు రాత్రిళ్ళు తన గస్తీ కేక విని పడుకున్న వీధి తన వైపు చూస్తుంటే కదిరన్నకు భూమి చీలితే బాగుండుననిపించింది.

అప్పుడు సూరప్ప జనాన్ని తోసుకుంటూ వచ్చి వాడి మణికట్టు పట్టుకున్నాడు. “దొరికాడు ప్రభూ! దొంగ దొరికాడు! పట్టింది నేనే, అందరూ చూశారు!”

కదిరన్న చెయ్యి విడిపించుకోలేదు. రాజుగారు సూరప్పను చూశారు. వాణ్ణి ఇన్నేళ్ళలో మొదటిసారి సరిగా చూసినట్టున్నారు. వాడి చేతికి తాను తొడిగిన కడియం కదిరన్న బక్క మణికట్టుకు తగులుతోంది.

“ఒక సందేహం ప్రభూ” అన్నాడు ఔబళయ్య. ఈసారి అతని గొంతులో చమత్కారం లేదు. “వీధిలో సొత్తు పోతే ఆ వీధి తలారి పూడ్చాలి. పూడ్చేదాకా ఉత్త తలతో ఉండాలి. అది మన కట్టుబాటు. ఈ తలారికి ఉన్న సొత్తల్లా నిజాయితీ. ఒక పూట అది పోయింది. ఎవరి కావలిలో పోయినట్టు?”

 వెనకనున్న వంది ఆ ప్రశ్న తననే అడిగారనుకున్నాడు పాపం. అలవాటు కొద్దీ బిరుదుల్లో ఆఖరుది మెల్లగా గొణిగాడు. “పెద్ద తలారి...” గొణిగాక ఏమన్నాడో తెలిసి నాలుక కరుచుకున్నాడు.

రాజుగారు వాణ్ణి తిట్టలేదు. నిలువునా నిలబడి, కిరీటం తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఆయన బట్టతల జనం అదే మొదటిసారి చూడడం. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఛత్రం పట్టేవాడు ముందుకొస్తే వద్దని చెయ్యి ఊపారు.

“సూరప్పా, వాడి చెయ్యి వదులు. ఆ కడియం తీసి ఔబళయ్య చేతిలో పెట్టు. నీ దొంగ సంగతి తరవాత విచారిస్తాం.” గొంతు సవరించుకున్నారు. “గాదెలు తెరవండి. దొంగలు లేని వీధుల తలారులకు మేము కోసిన మేర ఎంతో అంతా బళ్ళకెత్తండి. గొంగళ్ళు కూడా. అది పూర్తయ్యేదాకా ఇది మా తల మీదికి రాదు.”

రాజు ఆజ్ఞ అంటే ఆ రోజు ఎంత తొందరగా నడిచిందో! అయినా ధాన్యం కొలవడానికి పట్టే సేపు పట్టింది. అంతసేపూ రణకేసరి భూపతి తన కోటవాకిట్లో, ఉత్త తలతో, ఉత్త కాళ్ళతో నిలబడ్డారు. ఒక్కసారి కూడా కూర్చోలేదు. చూసే జనానికే కష్టమనిపించి కొందరు ముఖాలు తిప్పుకున్నారు. ఆయన మాత్రం తల దించి, నేల మీదున్న తలపాగానే చూస్తూ ఉండిపోయారు.

బళ్ళు వచ్చాయి. ముందు బండి కదిరన్నది. రాజుగారు కిరీటం పెట్టుకోబోతూ ఆగారు.

“నీ తలపాగా చుట్టుకో కదిరన్నా.”

కదిరన్న కళ్ళనిండా నీళ్ళు. “తమ బాకీ తీరింది మారాజా. నాది తీరలా. నేను ఆయమ్మకు బాకీ.” కాళమ్మ వైపు చెయ్యి చూపాడు గానీ తలెత్తలేదు.

కాళమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. నేల మీది తలపాగా తీసి దుమ్ము దులిపింది.

“అన్నా, చెంబు ఎవురో ఎత్తకపోయినారని నాకెప్పుడు తెలిసిందో తెలుసా? అది తిరిగొచ్చినాక.”

కదిరన్న అర్థంకానట్టు చూశాడు.

“కంచరోళ్ళ ఇంట్లో సొంత చెంబు ఎప్పుడన్నా మెరుస్తాదా? ఊరోళ్ళ సామానుకు మెరుగు పెట్టేదానికే మాకు పొద్దు చాలదు. మా చెంబు ఎప్పుడూ మసిగుడ్డ మాదిరే ఉంటాది. మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే అరుగు మీద అద్దం మాదిరి మెరిసిపోతాంది. చింతపండు వాసన కూడా పోలా. ఎత్తకపోయినోడు తోమి తెచ్చి పెడతాడా? అట్లాంటి దొంగ ఈ దుర్గమంతా వెతికినా ఒక్కడే.”

“నా చెయ్యి పడిందని...” అన్నాడు కదిరన్న. “మురికైనట్టనిపిచ్చింది తల్లీ. అందుకే తోమినా. తెలిసీ ఒక్క మాటన్నా అడగలేదే?”

“అడిగితే నువ్వు సిగ్గుపడి మా వీధికి మళ్ళా రావని భయమేసింది.”  అంతలోనే గట్టిగా కసిరింది. “ఇంగోసారి దొంగతనం చెయ్యల్లని బుద్ధి పుడితే చెంబు జోలికి రావద్దు. వంటింట్లో పెద్ద గుండిగ ఉంది, అది ఎత్తకపో. దాన్ని తోమలేక సస్తాండాను!”

మొదట నవ్వింది రాజుగారే. పెదవులు బిగబట్టుకుని చూశారు, లాభం లేకపోయింది. పొట్ట పట్టుకుని, కిరీటం చంకలో పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. ఆ నీళ్ళలో నవ్వు ఎంతో సిగ్గు ఎంతో ఆయనకే తెలియదు. ఆయన్ని చూసి వంది నవ్వాడు. కంచరులు నవ్వారు. ఏనుగు మీది మావటి నవ్వాడు. ఆఖరుకు కదిరన్న కూడా ఏడుస్తూనే నవ్వాడు. కాళమ్మ తలపాగా అందిస్తే రెండు చేతులా అందుకుని చుట్టుకున్నాడు.

రాజుగారు ఔబళయ్య చేతిలోని వెండి కడియం తీసుకుని అక్కడికక్కడే కదిరన్న చేతికి తొడిగారు. ఔబళయ్య మెడలో తన ముత్యాలహారం వేశారు. “నీకు ఏదైనా బిరుదు కావాలా?” అని కూడా అడిగారు.

“ఇవ్వడం కాదు ప్రభూ, వీలైతే ఒకటి తగ్గించండి” అన్నాడు ఔబళయ్య.

“పెద్ద తలారి అన్నదేనా?”

“అది మాత్రం ఉంచండి. ఈ రోజే దానికి మొదటిసారి పని పడింది.”

రాజుగారు మళ్ళీ నవ్వారు. ఆ బండను పీకించి తిరగేసి పాతించారు. రెండో వైపు, దసరా కొలువులో మొదటి తాంబూలం దొంగతనం జరగని వీధి తలారికి అని చెక్కించారు. సూరప్ప కర్ర ఎవరికో పోయింది. వాడి దొంగకు ఆ ఏటినుంచి పని లేకుండా పోయింది.

పొద్దు వాలుతుంటే లోపలికి వెళుతూ రాజుగారు వడ్రంగుల్ని అడిగారు. “ఆ రెక్క ఎప్పటికి బిగిస్తారు?”

“కీళ్ళు ఊడిపోయినాయి మారాజా. కొత్తవి కొట్టించల్ల. కొన్ని దినాలు పడతాది.”

“అందాకా కోట తెరిచే ఉంటుందా?”

వడ్రంగులు జవాబు చెప్పకుండా సందువైపు చూశారు. కదిరన్న కొత్త గొంగడి భుజాన వేసుకుని, కర్ర నేలకు ఆనించి, రెక్క ఉండాల్సిన చోట నిలబడి ఉన్నాడు.

రాజుగారు ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి హాయిగా నిద్రపోయారు.